‘లాటరీ తగిలినోడికీ, గాలి తగిలినోడికీ’: అసలు మాట గాలేనా?

తెనాలి: మా నాయనమ్మ ఒక మాట అనేది. ‘లాటరీ తగిలినోడికీ, ఫలానాది తగిలినోడికీ కంటిమీద కునుకుండదు’ అని. ఆ ఫలానాది గాలో, కలియో తేలక వారం నుంచి నలుగుతున్నాను. నాన్న శబరిమల నుంచి తెచ్చిన కేరళ లాటరీ టికెట్టును నాలుగు మడతలు పెట్టి అయ్యప్ప పటం వెనక దాచినప్పుడు కూడా ఇదే అంది. నా చెవికి ‘గలి’ అన్నట్టే వినపడింది. మీ ఇళ్ళలో ఎవరైనా విన్నారా?

ఒంగోలు: గాలే అండీ. చంటిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే మా వైపు ముందు ‘గాలి తగిలింది’ అనే అంటారు. అనుమానం అక్కర్లేదు.

రాజమండ్రి: గాలే అయితే ‘గలి’ అని ఎందుకు వినపడుతుంది? అది కలి. ‘తగిలినవానికిన్’ మీద కలి, ద్రుతం (చివరి ‘న్’) మీద పరుషం సరళమైంది, అంటే ‘క’ కాస్తా ‘గ’ అయింది. నలమహారాజును పట్టి జూదంలో ఓడించిన కలిపురుషుడన్నమాట. నన్నయగారి అరణ్యపర్వం తీసి నలోపాఖ్యానం మళ్ళీ చదవండి. తాండ్రచెట్టుకు ఆకులెన్నో కాయలెన్నో ఋతుపర్ణ మహారాజు చూసీ చూడగానే చెప్పేస్తాడు. ఆయన దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యవిద్య, నేర్చుకోగానే నలుడి ఒంట్లోంచి కలి బయటికొచ్చి ఆ చెట్టునే ఆశ్రయిస్తాడు. వేదకాలంలో జూదమాడింది కూడా ఆ కాయలతోనే. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఒంగోలు: పద్యంలో సరే. ఇంట్లో ‘వాడికి కూర వెయ్యి’ అంటాం గానీ ‘వాడికి గూర వెయ్యి’ అంటామా?

రాజమండ్రి: కూరగాయలు, అన్నదమ్ములు అంటున్నారుగా?

ఒంగోలు: మాస్టారూ, అవి ద్వంద్వ సమాసాలు. ఆ సూత్రం వేరు.

కరీంనగర్: మీరు గాలి దగ్గరే ఆగిపోయారు, నా మనసంతా ‘తగిలిన’ మీద ఉంది. దెబ్బ తగులుతుంది, ఎండ తగులుతుంది, బజార్లో పాత దోస్తు తగులుతాడు. మన ప్రమేయం లేకుండా వచ్చి మీద పడేదే తగలడం. అందుకే లాటరీ తగులుతుంది, జీతం తగలదు. అదే ‘లాటరీ కొట్టిండు’ అంటే గెలుపు వాడి చేతి ఘనత అయిపోతుంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. అప్పుడు దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాలేదు. తీసేది అధికారులు, తగిలేది దరఖాస్తుదారుకు. లాటరీ పక్కన ఏ క్రియ వాడారో చూస్తే మాట్లాడేది ఎవరో తెలిసిపోతుంది.

డల్లాస్: ఇక్కడ మాకు లాటరీ అంటే హెచ్1బి ఒక్కటే. ఏటా 85,000 వీసాలు, మార్చిలో రిజిస్ట్రేషన్. ‘తగిలింది’ అనడం నేనెప్పుడూ వినలేదన్నా. ‘పిక్ అయింది’ అంటారు, లేదా ‘లాటరీలో వచ్చింది’. మూడోసారి అప్లై చేసిన మా రూమ్మేట్ లాయర్ మెయిల్ కోసం తెల్లవార్లూ ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, పక్కన అన్నం ప్లేటు అలాగే ఉంది. నాయనమ్మగారు చెప్పిన నిద్రలేమి లాటరీ తగలకముందే వస్తుంది.

రాజమండ్రి: ‘లాటరీ’లో ఉన్న లాట్ అంటే వాటా. మన ‘భాగ్యం’ కూడా భాగంలోంచి పుట్టిందే. ‘నా పాలిట పడింది’ అంటామే, ఆ పాలూ వాటాయే. ఇంత దగ్గర మాటలుండగా లాటరీకి ‘అదృష్టం’ అని అర్థం రాసి ఊరుకోవడం నాకు నచ్చదు.

తెనాలి: ఇప్పుడే మేనత్తకు ఫోన్ చేశాను. గాలీ కాదు, కలీ కాదు, ‘అప్పు తగులుకున్నోడికీ’ అనేదట. బాబాయి మాత్రం గాలేనని ఒట్టేస్తున్నాడు.

ఒంగోలు: అత్తయ్యగారు ‘తగులుకున్నోడికీ’ అన్నారా, ‘తగిలినోడికీ’ అన్నారా? ఇంకోసారి అడగండి. మధ్యలో ఆ ‘కు’ ఉంటే గాలి కుదరదు, నేను మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి.