అరవై దాటాక ఫ్లమెంకో గిటార్ నేర్చుకోవడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నాతీరం (నెల్లూరు):

సభ్యులందరికీ నమస్కారం. నాకు అరవై రెండేళ్లు నిండాయి, అధ్యాపక వృత్తి నుంచి ఇటీవలే విరమించుకున్నాను. చదువుకునే రోజుల్లో కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాను గాని తీగ వాద్యం ఏదీ చేతబట్టలేదు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు పాకో దె లూసియా వాదనం విన్నప్పటి నుంచి ఫ్లమెంకో గిటార్ నేర్చుకోవాలనే కోరిక బలంగా పట్టుకుంది. మా ఊళ్లో నేను కలిసిన గిటార్ మాస్టర్లందరూ సినిమా పాటలకు కార్డ్స్ (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) వాయించడమే నేర్పుతున్నారు. ఈ వయసులో వేళ్లు మాట వింటాయా, ఏ గిటార్ కొనాలి, ముందు క్లాసికల్ గిటార్ నేర్చుకోవాలా లేక నేరుగా మొదలుపెట్టవచ్చా అన్నది అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు. ఉదయం పూట ఎడమ చేతి వేళ్లు కాస్త బిగుసుకుని ఉంటాయి.

లయప్రియ (ఒంగోలు):

మాస్టారూ, మృదంగం సంగతి మీరు ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నారు గాని, మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది అదే. ఫ్లమెంకో దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియా ప్రాంతపు కళ. పాట, నాట్యం, గిటార్ కలిసి పెరిగిన ఆ సంప్రదాయంలో గిటార్ చాలాకాలం పక్కవాద్యంగానే ఉండేది. రమోన్ మోంటోయా, ఆ తర్వాత సబికాస్ వంటివారు దానిని ఏకవాద్యంగా కచేరీ వేదిక మీద నిలబెట్టారు. పాటకూ అడుగుకూ ఆసరాగా పుట్టిన వాద్యం కాబట్టి, వేళ్లు ఎంత వేగంగా పరుగెత్తినా లయ తప్పితే అక్కడ ఎవరూ మెచ్చరు. వారు కొంపాస్ అని పిలిచే ఆ తాళచట్రమే మీరు ముందు పట్టుకోవలసినది.

సొలెయా అనే రూపంతో మొదలుపెట్టండి. అది 12 మాత్రల ఆవృతం. 3, 6, 8, 10, 12 మాత్రల మీద ఊనిక పడుతుంది. ఈ అంకెలు చూసి కొత్తవారు తికమక పడతారు. మీరు మాత్రం 12వ మాత్ర దగ్గర ఎత్తుకుని ‘తకిట తకిట తక తక తక’ అని చెప్పి చూడండి, ప్రతి ముక్క మొదటి అక్షరం మీదనే ఊనిక వస్తుంది. నాట్యానికి వాయించిన సొలెయా రికార్డింగుల్లో లయ స్పష్టంగా వినిపిస్తుంది గనుక, గిటార్ ఇంటికి రాకముందే వాటితో పాటు చేత్తో తాళం వేస్తూ అలవాటు చేసుకోవచ్చు. బులెరియాస్ కూడా 12 మాత్రలదే అయినా దాని నడక చాలా వేగం, ఇప్పుడప్పుడే దాని జోలికి వెళ్లవద్దు.

సొలెయా స్వరస్థానాలు మన కర్ణాటక సంగీతంలోని హనుమతోడి రాగానివే గాని, ఆవృతం వచ్చి వాలే కార్డ్‌లో అంతర గాంధారం ఉంటుంది కాబట్టి అక్కడ వకుళాభరణం రాగ ఛాయ తగులుతుంది. మన గమకాలు అందులో ఉండవు, కాబట్టి ఈ పోలికను చెవికి ఒక గుర్తుగా మాత్రమే ఉంచుకోండి.

తంత్రి (కావలి):

మాస్టారూ, లయ గురించి లయప్రియ గారు చెప్పారు, నేను వాద్యం గురించి చెబుతాను. కొనవలసినది నైలాన్ తీగల గిటార్. దానికి స్టీల్ తీగలు బిగిస్తే ఆ లాగుడుకు తీగలు కట్టే బ్రిడ్జి ఊడివస్తుంది. ఫ్లమెంకో గిటార్‌కు పక్కలు, వెనుక భాగం సంప్రదాయంగా సైప్రస్ కలపతో చేస్తారు. తీగలు తక్కువ ఎత్తులో ఉంటాయి, నాదం పదునుగా వచ్చి త్వరగా ఆగిపోతుంది. ఆరంభానికి మామూలు క్లాసికల్ గిటార్ చాలు. అయితే ఫ్లమెంకోలో వాయిస్తూనే ఉంగరపు వేలితో గిటార్ ముందు పలక మీద కొడతారు, అందుకు రక్షణగా పారదర్శకమైన రేకు అతికించకపోతే పాలిష్ లేచిపోతుంది. వీలైతే చెన్నై వెళ్లి, చేత్తో పట్టుకుని చూసి కొనండి.

మన వాతావరణం కలపకు కష్టమైనది. వేసవిలో పడమటి గాడ్పులకు పలక ఎండి నెర్రె విచ్చవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలకు తేమ పీల్చి ఉబ్బితే తీగల ఎత్తు మారుతుంది. గిటార్‌ను పెట్టెలోనే ఉంచి, తేమ కొలిచే చిన్న మీటర్ కూడా అందులో పెట్టి, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో ఎన్నడూ వదలవద్దు, జిగురు సడలుతుంది.

ఎడమ చేతికి ఒక ఉపాయం ఉంది. రెండో మెట్టు మీదో మూడో మెట్టు మీదో కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే మెట్ల మధ్య దూరం తగ్గి వేళ్లు అంతగా చాచనక్కరలేదు. ఫ్లమెంకో విద్వాంసులే గాయకుల శ్రుతికి సరిపోవడానికి దానిని నిత్యం వాడతారు, కాబట్టి మొహమాట పడవలసిన పని లేదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి, తర్వాత సాధనకు కూర్చోండి. నొప్పి గాని వాపు గాని ఉంటే మాత్రం ముందు వైద్యుడికి చూపించండి.

శ్రుతిమయి (కనిగిరి):

నా అభిప్రాయం వేరు. ఒకటి రెండేళ్లు క్లాసికల్ పద్ధతిలో నేర్చుకుంటే కూర్చునే తీరు, నొటేషన్ చదవడం, ఎడమ చేతి క్రమశిక్షణ అబ్బుతాయి. గురువు దగ్గర లేనివారికి ఆ పునాది మరింత అవసరం.

లయప్రియ (ఒంగోలు):

శ్రుతిమయి గారూ, కూర్చునే తీరు కోసం కొద్ది నెలలు క్లాసికల్ గురువు దగ్గరకు వెళ్లడం మంచిదే. కాని ఫ్లమెంకో కుడి చేయి వేరు. తీగలన్నిటినీ వేళ్లతో వరుసగా మీటే రస్గెయాదోలో చిటికెన వేలి నుంచి చూపుడు వేలి దాకా ఒక్కొక్కటిగా బయటికి విసరాలి. మన రోజువారీ పనులన్నీ వేళ్లు ముడిచేవే, విప్పే కండరాలకు అంత శ్రమ ఉండదు. వాటికి బలం రావడానికి చాలాకాలం పడుతుంది. అరవైల్లో ఉన్నవారు ఆ సాధనను రెండేళ్లు వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు. ఆ విసురు తొడ మీద కూడా సాధన చేయవచ్చు, గిటార్ చేతిలో ఉండనక్కరలేదు.

పెన్నాతీరం (నెల్లూరు):

అందరికీ కృతజ్ఞతలు. కొంపాస్, రస్గెయాదో ఈ రోజు నుంచే మొదలుపెడతాను. గిటార్ వచ్చాక తీగల మీద మొదట ఏ వేలితో వాయించాలి?

లయప్రియ (ఒంగోలు):

బొటనవేలితో, మాస్టారూ. మణికట్టు కొంచెం ఎత్తి, వేలు కిందికి తోసి, అది పక్క తీగ మీద వచ్చి ఆనుకునేలా వాయించండి. సొలెయాలో ఎన్నో వరుసలు ఆ ఒక్క వేలితోనే నడుస్తాయి. మొదట్లో ఒకే తీగ మీద, నోటితో జతి చెబుతూ, ఊనిక ఉన్న మాత్రలను గట్టిగా, మిగిలినవాటిని మెత్తగా పలికించండి.