మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొన్న మెరుపు రాయి, అసలుదేనా?

గుణుపురం_అబ్బాయి:
మొన్న ఆదివారం రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని వస్తుంటే గుడి బయట ఒకాయన దగ్గర మా అమ్మ ఉంగరంలోకని ఒక రాయి కొంది, 1,800 రూపాయలు. సన్‌స్టోన్ అన్నాడు, సూర్యకాంతమణి అని కూడా అన్నాడు. ఇటుక రంగు, లోపల జరీ పొడి చల్లినట్టు ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తోంది. గాజుముక్కకి అంత పోశారా అని నాన్న అప్పట్నుంచి సణుగుతూనే ఉన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాళ్లపిచ్చి:
ఎటు తిప్పినా ఒకేలా అన్నావు చూడు తమ్ముడూ, నాకు అక్కడే అనుమానం. సన్‌స్టోన్ ఫెల్డ్‌స్పార్ జాతి, గ్రానైట్ బండలో తెల్లగా, గులాబీగా కనిపించే పలుకుల కుటుంబమే. వేడి మీద ఉన్నప్పుడు అందులో కలిసిపోయిన ఇనుము, రాయి నెమ్మదిగా చల్లారేకొద్దీ ఇమడలేక హెమటైట్ అనే ఇనుప ఖనిజం రేకులుగా విడిపోతుంది, ఆ రేకులన్నీ స్ఫటికం లోపల ఒకే వరసలో పరుచుకుంటాయి, అందుకే ఒక వైపు తిప్పితే తళుక్కుమని కాస్త వంచగానే ఆరిపోతుంది. అమెరికాలో ఆరెగాన్ లావా రాళ్లలో దొరికేవాటికి మెరుపు రాగి వల్ల వస్తుంది, 1987లో ఆ రాష్ట్రం దాన్ని తమ రత్నంగా ప్రకటించుకుంది కూడా.
నీది గోల్డ్‌స్టోన్ అయ్యుంటుంది. అంటే రాగి పలుకులు పుట్టేలా కాచిన గాజు, వెనిస్ వాళ్ల పాత విద్య. పది రెట్ల లెన్సులో చూడు, మూడు మూలలు, ఆరు మూలల పలుకులు ఒత్తుగా కనిపిస్తే గాజే. గాలి బుడగ కనిపిస్తే ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

పర్లాకిమిడి_అక్క:
కావ్యాల్లో సూర్యకాంతశిల అంటే ఎండ తగిలితే నిప్పు పుట్టించేది, దీనికీ దానికీ పేరులోనే చుట్టరికం. మా ఇంట్లో సూర్యకాంతం అంటే మాత్రం సినిమాల్లో గయ్యాళి అత్తే :)
బాబూ, ఒకవేళ అసలుదైనా ఉంగరానికి వద్దు. పదికి లెక్కేసే మోస్ కొలతలో దీని గట్టిదనం 6 నుంచి 6.5, ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక 7. రోజూ తుడిస్తేనే గీతలు పడి మెరుపు మసకబారుతుంది. పైగా రెండు దిక్కుల్లో పొరలా చీలే గుణం, గట్టుకి తగిలితే అంతే. లాకెట్టుకో జుంకాలకో బాగుంటుంది. కడగాలంటే గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు, షాపుల్లో ఉండే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో పెట్టనివ్వకండి.

గుణుపురం_అబ్బాయి:
వాచీలు బాగుచేసే ఆయన కంటికి పెట్టుకునే అద్దం అడిగి చూశానన్నా. అన్నీ త్రికోణాలే, ఒక మూల బుడగ కూడా ఉంది. అమ్మకి చెప్తే ‘మెరుస్తోందిగా’ అంది, లాకెట్టు చేయించుకుంటుందట. నాన్నకి ఇంకా చెప్పలేదు.