మూలన పడిన గడ్డి మిషను: తాడు వస్తోంది, ఇంజను మాత్రం పలకడం లేదు

దామలచెరువు తోట:

అందరికీ నమస్కారం. దామలచెరువు దగ్గర మాకు మామిడి తోట ఉంది. ఎక్కువ తోతాపురి, గట్టు వెంట కొన్ని నీలం రకం చెట్లు. నాన్నగారు ఎప్పుడో కొన్న పెట్రోలు గడ్డి మిషను ఒకటి పంపుసెట్టు గదిలో ఉంది. భుజానికి తగిలించుకుని కోసే బ్రష్ కట్టర్, పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజను. మోకాళ్ల నొప్పులతో ఆయన తోటకు రావడం మానేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. ట్యాంకులో సగానికి పెట్రోలు అలాగే ఉండిపోయింది.

ఈశాన్య రుతుపవనాల వానలకు పాదుల్లో గరిక, తుంగ, వయ్యారిభామ మోకాలెత్తు పెరిగాయి. పూత దశకు ముందే తోట శుభ్రం కావాలి. కూలీలను అడిగితే ఈ వారం, వచ్చే వారం అంటున్నారు. సరే, మిషను తీద్దామని తాడు లాగితే ఒక్కసారి కూడా పలకలేదు. పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డ నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతోంది, పైకి లేవడం లేదు.

ఊళ్లో మెకానిక్‌కు చూపించాను. ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "ఇంజను పట్టేసింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. ఇంజను పట్టేస్తే తాడు ఇంత సులువుగా ఎలా వస్తోందని అడిగితే జవాబు లేదు. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఇంజన్ల గురించి తెలియదు కానీ, వరుసగా చెబితే చేసుకోగలను. ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుచానూరు పెరడు:

పాత పెట్రోలు మిషనుతో అవస్థ ఎందుకండీ? నేను బ్యాటరీది తీసుకున్నాను. మీట నొక్కితే తిరుగుతుంది, చప్పుడు లేదు, పొగ లేదు. మా ఇంటి చుట్టూ ఉన్న గడ్డికి హాయిగా సరిపోతోంది.

టూ స్ట్రోక్ తాత:

తిరుచానూరు వారూ, పెరటికి మీ మాట నిజమే. మామిడి తోటలో పొద్దున్నుంచి కోయాలంటే ఎన్ని బ్యాటరీలు మోసుకెళ్తారు? ఆ అమ్మాయి అడిగింది కూడా అది కాదు.

అమ్మా, మెకానిక్‌ను మీరు అడిగిన ప్రశ్న సరైనది. నేను తిరుపతిలో టూ స్ట్రోక్ స్కూటర్లు, మోపెడ్లు బాగుచేస్తూ బతికినవాణ్ణి. ఆ బండ్లు ఇప్పుడు రోడ్డు మీద పెద్దగా కనబడవు కానీ, ఆ ఇంజనే గడ్డి మిషను వేషంలో ఇంకా నా దగ్గరికి వస్తోంది. వచ్చినవాటిలో నిజంగా చచ్చినవి తక్కువ. చచ్చేది ట్యాంకులో పెట్రోలు.

ముందు ఆ పెట్రోలును ఒక గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా పెట్టండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. పైన పెట్రోలు తేలుతుంది, మనం కలిపిన ఆయిల్ దానితోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగున. అంటే ఇంజను మొదట తాగేది ఆయిల్ లేని ఆ నీళ్లే. ఒకవేళ స్టార్ట్ అయినా పిస్టన్‌కు మంచిది కాదు. కొత్త పెట్రోలు పోసి పలచన చేద్దామని మాత్రం అనుకోవద్దు. ఆ పాతదాన్ని కాలువలోనూ పాదులోనూ పారబోయవద్దు.

ఇంజను తిరగాలంటే మూడు కావాలి: నిప్పు, పెట్రోలు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని అదిమే ఒత్తిడి). ఏది లేదో తేలేదాకా డబ్బు పెట్టి ఏ సామానూ కొనవద్దు.

ఇంజనులో నిప్పు పుట్టించే స్పార్క్ ప్లగ్ విప్పి మొన చూడండి. అన్నిసార్లు తాడు లాగాక కూడా అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పు సంగతి చూడాలి. తరువాత ప్లగ్‌ను దాని తీగ చివరి టోపీకి తగిలించి, దాని ఇనుప ఒంటిని సిలిండర్ రెక్కలకు ఆనించి తాడు లాగండి. నీడలో చూస్తే నీలం నిప్పు కనబడాలి. ఇది చేసేటప్పుడు ట్యాంకు మూత బిగించి ఉండాలి, ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పాలి, పెట్రోలు సీసా ఆ గదిలోనే ఉండకూడదు. ప్లగ్‌ను చేత్తో పట్టుకోవద్దు, షాక్ కొడుతుంది. నిప్పు రాకపోతే ఆపే మీట నుంచి, ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్‌కు వెళ్లే తీగ చూడండి. పంపుసెట్టు గది అంటున్నారు కదా, ఎలుకలు కొరికి ఉంటాయి. అలా కొరికిన తీగ ఇంజను ఇనుముకు తగిలితే నిప్పు రాదు.

ఇక కంప్రెషన్. ప్లగ్ తీసిన రంధ్రం మీద బొటనవేలు అదిమి తాడు లాగితే గాలి వేలిని నెట్టేయాలి. నెట్టిందంటే మీ మెకానిక్ మాట కొట్టేయండి.

ఈ మూడూ చూసి రాయండి. బుడ్డ పైకి లేవడం లేదన్నారు కాబట్టి నా అనుమానం పైపుల మీద ఉంది. కానీ చూడకుండా చెబితే నాకూ ఆయనకూ తేడా ఏముంది?

దామలచెరువు తోట:

తాతగారూ, మీరు చెప్పిన వరుసలోనే చూశాను. సీసా అడుగున పెట్రోలుకు కిందగా ఇంకో పొర స్పష్టంగా ఉంది. మధ్యలో గీత గీసినట్టు కనబడుతోంది. ప్లగ్ పూర్తిగా పొడిగా ఉంది. నిప్పు వచ్చింది, నీలంగానే ఉంది. వేలిని గాలి గట్టిగానే నెట్టింది. నాన్నగారికి చెబితే "నేను ముందే అన్నాను" అన్నారు. ఎప్పుడు అన్నారో నాకైతే గుర్తు లేదు.

పైపుల విషయంలో మీ అనుమానం నిజమైంది. ట్యాంకులోకి దిగే సన్నటి పైపును పట్టుకోగానే ట్యాంకు అంచు దగ్గర పుటుక్కున విరిగింది. రబ్బరు మెత్తదనం ఏమాత్రం లేదు, పసుపుపచ్చగా బిగుసుకుపోయింది. ఫిల్టర్ ట్యాంకులోనే పడిపోతే తీగ వంచి పైకి లాగాను. సైలెన్సర్ నోట్లో ఏదో అడ్డం ఉందని చూస్తే కందిరీగ కట్టిన మట్టిగూడు! గీకి తీసేశాను.

విరిగిన ముక్కలు తీసుకెళ్లి అదే లావువి రెండు పైపులు, ఒక ఫిల్టర్ తెచ్చాను. దుకాణదారు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ కూడా కొత్తది వేయమంటున్నాడు. వేయాలా?

టూ స్ట్రోక్ తాత:

ఇప్పుడే వద్దు. ముందు పైపులు. ఒకటి ఫిల్టర్ నుంచి కార్బురేటర్‌కు పెట్రోలు తెచ్చేది, రెండోది బుడ్డ నుంచి మిగిలిన పెట్రోలును తిరిగి ట్యాంకులో పోసేది. ఈ రెండూ అటూ ఇటూ మారితే బుడ్డ ఎంత నొక్కినా ట్యాంకులో గాలి బుడగలు వస్తాయి తప్ప పెట్రోలు రాదు. ఫిల్టర్ ఉన్న పైపు ట్యాంకు అడుగుదాకా తేలికగా వాలాలి.

తరువాత కార్బురేటర్ విప్పండి. విప్పే ముందు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి. స్కూటర్‌లో ఉన్నట్టు దీంట్లో పెట్రోలు నిలిచే గిన్నె, తేలే బెండు ఉండవు. గడ్డి మిషనును ఎటు వంచినా పెట్రోలు అందాలి కాబట్టి పలచటి పొరలతో పనిచేస్తుంది. పంపు వైపు ఒక్క స్క్రూతో ఉండే మూత తీస్తే కింద చిన్న గుంటలో మీ చిటికెనవేలి గోరు కన్నా చిన్న జల్లెడ ఉంటుంది. చూపు సరిగ్గా ఆనకపోతే అది జల్లెడ అని కూడా తెలియదు. పాత పెట్రోలు ఎండి దాని కళ్ల నిండా జిగురు పట్టి ఉంటుంది. సూదిమొనతో అంచు లేపి బయటికి తీసి, కార్బురేటర్ క్లీనర్ కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. అన్ని కళ్లలోంచీ వెలుగు కనబడాలి.

రెండో వైపు మూత కింద మధ్యలో బొడిపె ఉన్న గుండ్రటి పొర ఉంటుంది. వేలితో నొక్కితే మెత్తగా వంగాలి. ఎండిన అప్పడంలా కరకరలాడితే మార్చాల్సిందే. ఆ పొరలు, అతుకుల మధ్య వేసే గాస్కెట్లు కలిపి కిట్‌గా దొరుకుతాయి. కొత్త కార్బురేటర్ కన్నా చాలా తక్కువ ధర.

బిగించేటప్పుడు వరుస తప్పకూడదు. ఎక్కువ కార్బురేటర్లలో పంపు వైపు ముందు పొర, దానిపై గాస్కెట్, ఆపై మూత. బొడిపె ఉన్న వైపు ముందు గాస్కెట్, దానిపై పొర, ఆపై మూత. మీ ఫొటోలు ఏం చెబితే అదే చేయండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించవద్దు, లోపలి చిన్న వాల్వ్ చెడుతుంది. సన్నటి రంధ్రాల్లో ఇనుప తీగ దూర్చవద్దు. ఎల్, హెచ్ అని రెండు సర్దుబాటు స్క్రూలు ఉంటే, తీసే ముందు ఎన్ని చుట్లు ఉన్నాయో రాసుకోండి.

పుత్తూరు చెరకు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఇంజను చల్లగా ఉంటుందని నేను లీటరుకు 60 మి.లీ. ఆయిల్ పోస్తాను. ఈమె కూడా అలా పోసుకుంటే పాత ఇంజనుకు మంచిది కదా?

టూ స్ట్రోక్ తాత:

మంచిది కాదు నాయనా. మీ సైలెన్సర్ విప్పి చూడండి, లోపల పొయ్యి మసి కనబడుతుంది. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్ మొన నల్లబడుతుంది, పొగ బయటికి పోయే దారి కార్బన్‌తో మూసుకుపోతుంది, ఇంజను బలం తగ్గుతుంది. మిషను పుస్తకంలో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మి.లీ., 50కి 1 అని ఉంటే 20 మి.లీ. అంతే. పుస్తకం పోయి ఉంటే ట్యాంకు మూత మీద చూడండి, చాలా మిషన్లకు అక్కడ రాసి ఉంటుంది. ఆయిల్ కూడా టూ స్ట్రోక్ ఆయిలే కావాలి, ట్రాక్టర్‌లో పోయగా మిగిలినది కాదు.

ఇంకో మాట, ఇది చదివే మిగతావారికి. ఫోర్ స్ట్రోక్ గడ్డి మిషన్లు కూడా ఉన్నాయి. వాటిలో ఆయిల్ పోయడానికి వేరే మూత ఉంటుంది. అలాంటి దాంట్లో ఆయిల్ కలిపిన పెట్రోలు పోయకూడదు.

దామలచెరువు తోట:

స్టార్ట్ అయింది తాతగారూ! మా మూత మీద 25:1 అనే ఉంది. లీటరు కొత్త పెట్రోలుకు 40 మి.లీ. కొలిచి పోశాను. జల్లెడ మీరు చెప్పినట్టే జిగురుతో మూసుకుపోయి ఉంది, పొర కూడా బిగుసుకుపోయింది. కిట్ వేశాక బుడ్డ నొక్కితే పెట్రోలు పైపులో పాకుతూ కనబడింది. చోక్ వేసి లాగితే ఒకసారి పలికి ఆగింది. చోక్ తీసి మళ్లీ లాగితే పొగ కక్కుతూ అందుకుంది.

ఇప్పుడు రెండు సందేహాలు. కాసేపు కోశాక దానంతట అదే ఆగిపోతోంది, కొంచెం సేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. రెండోది, రేజు వదిలేసినా బ్లేడు మెల్లగా తిరుగుతూనే ఉంది.

టూ స్ట్రోక్ తాత:

ఆగిపోయిన వెంటనే ట్యాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఇంజను వెంటనే అందుకుంటే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయిందన్న మాట. పెట్రోలు తగ్గినకొద్దీ గాలి లోపలికి రావాలి, రాకపోతే పైపులోకి పెట్రోలు దిగదు. దుమ్ము తుడిచి, ఆ చిన్న వాల్వ్ శుభ్రం చేయండి. లేదంటే మార్చండి.

బ్లేడు సంగతి తేలికగా తీసుకోవద్దు. రేజు వదిలితే అది పూర్తిగా ఆగాలి. రేజు వదిలినప్పుడు ఇంజను వేగాన్ని సర్దే ఐడిల్ స్క్రూ కొద్దిగా వెనక్కి తిప్పండి. ఇంజను ఆగిపోకుండా, బ్లేడు తిరగకుండా ఉండేచోట వదిలేయండి. అప్పటికీ తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు సాగిపోయి ఉంటుంది. అది మార్చేదాకా తోటలోకి తీసుకెళ్లవద్దు.

పుత్తూరు చెరకు:

నా సైలెన్సర్ విప్పాను, తాత చెప్పిన మాట నిజమే. అమ్మా, నా వంతుగా ఒకటి చెబుతాను. పాదుల్లో, చెట్టు మొదళ్ల దగ్గర బ్లేడు వద్దు. నైలాన్ తాడు తల కూడా లేత మొక్కల బెరడు చుట్టూ ఒలిచేస్తుంది. మొదలు చుట్టూ జానెడు మేర కొడవలితో కోయించి, మిగతాది మిషనుతో కోయండి. కళ్లద్దాలు, కాలికి బూట్లు తప్పనిసరి. మన తోటల్లో గులకరాళ్లకు కొదవ లేదు కదా.