మోంటాగ్‌కి వచ్చింది సందేహమా, అనుమానమా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం చేయండి.

బెంగళూరులో మేం ఆరుగురం ఆదివారాలు కబ్బన్ పార్కులో చెట్టు కింద కూర్చుని నవలలు చదువుకుంటాం. ఈసారి రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన 'ఫారెన్‌హీట్ 451' పట్టుకున్నాం. మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి మొదటి భాగాన్ని తెలుగులో రాసి చదివే పని నామీద పడింది.

కథ తెలియనివాళ్ళ కోసం: ఆ దేశంలో ఇంట్లో పుస్తకం ఉంటే నేరం. మోంటాగ్ ఫైర్‌మన్. అక్కడ ఫైర్‌మన్ పని పుస్తకాలు తగలబెట్టడం. ఆ పని ఇష్టంగానే చేస్తుంటాడు. ఒక రాత్రి పక్కింటి పదిహేడేళ్ళ పిల్ల క్లారిస్ దారిలో కలిసి, పూర్వం ఫైర్‌మన్‌లు మంటలు ఆర్పేవాళ్ళట కదా అని అడుగుతుంది. అతను నవ్వేస్తాడు. వెళ్తూ వెళ్తూ, నువ్వు సంతోషంగా ఉన్నావా అని కూడా అడిగి పోతుంది. అక్కణ్ణించి అతనికి లోపల ఏదో మొదలవుతుంది.

ఆ 'ఏదో' దగ్గరే నా తంటా. 'సందేహం మొదలైంది' అని రాశాను. అత్తయ్యగారు వెంటనే, "సందేహమైతే ఎవర్నన్నా అడిగి తీర్చుకోవచ్చుగా బాబూ?" అన్నారు.

నిజమే! సందేహం అడిగేది, తీరేది. బళ్ళో పంతులుగారు పాఠం ముగించి 'సందేహాలుంటే అడగండి' అనేవారు. సందేహం అన్నామంటే, జవాబు చెప్పేవాడొకడు ఎదురుగా ఉన్నాడన్న ధీమా ఆ మాటలోనే ఉంది. పోనీ 'సంశయం' అందామా? దాని ధాతువు 'శీ', అంటే పడుకోవడం. మెలకువ వస్తున్నవాడికి పడుకునే మాట ఏం వాడతాం! (ధాతువులు చూసి ఎవరూ మాట్లాడరని తెలుసు. అయినా మనసొప్పలేదు.)

జవాబు: 'అనుమానం' వాడండి. చిక్కల్లా, దానికి 'మీద' కావాలి. మొగుడికి పెళ్ళాం మీద, యజమానికి పనివాడి మీద. 'అనుమానం పెనుభూతం' అన్న సామెత కూడా అలాంటి కాపురాలను చూసి పుట్టిందే అయ్యుంటుంది. మీ మోంటాగ్‌కి ఎవరి మీద?

నా జవాబు: పుస్తకం మీదండీ. క్లారిస్ మాట మనసులో పెట్టుకుని ఫైర్ స్టేషన్‌లో నోరు జారతాడు. తోటివాళ్ళు నిబంధనల పుస్తకం తీసి చూపిస్తారు: ఫైర్‌మన్ల సంస్థ 1790లో, ఇంగ్లీషు ప్రభావమున్న పుస్తకాలు కాల్చడానికే పుట్టింది, మొదటి ఫైర్‌మన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్. అసలు చరిత్రలో ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో పెట్టింది మంటలు ఆర్పే దళం! అంటే అడిగాడు, జవాబూ దొరికింది. లెక్క ప్రకారం సందేహం అక్కడితో తీరిపోవాలి. తీరలేదు. జేబులోంచి తీసినట్టు ఠక్కున వచ్చిన ఆ జవాబు మీదే అతనికి నమ్మకం పోతుంది. మీరు చెప్పాక చూస్తే అది అనుమానమే.

మరో జవాబు: తర్కశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం, కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని ఊహించి తేల్చడం. బళ్ళలో చెప్పే ఉదాహరణ గుర్తుందా? కొండ మీద పొగ కనిపిస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఫైర్‌మన్‌కి ఇంతకన్నా సరిపోయే మాట ఎక్కడ దొరుకుతుంది! ఇక్కడ కన్నడం వాళ్ళు కూడా 'అనుమాన' అని మనలాగే వాడతారు.

నా జవాబు: పొగ సంగతి నాకు తట్టనే లేదు, దండాలు. ఇంకో చిక్కు కూడా చెప్పేస్తాను. ఫైర్‌మన్‌ని మొదట 'అగ్నిమాపక ఉద్యోగి' అని రాశాను. అత్తయ్యగారు, "మాపడమని పేరులోనే ఉంటే ఆ పిల్ల అడిగేదేముంది?" అన్నారు. మొన్న సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఎర్ర బండి మా ఆటో పక్కనే ఆగింది. దాని మీద కన్నడంలో 'అగ్నిశామక' అని ఉంది. అదీ అంతే, శమింపజేసేది. ఇంగ్లీషు మాటలో నిప్పూ మనిషీ మాత్రమే ఉన్నారు, ఆ మనిషి ఆర్పుతాడో అంటిస్తాడో మాట చెప్పదు. బ్రాడ్‌బరీకి ఆ సందు దొరికింది, మనకి లేదు. అందుకే 'ఫైర్‌మన్' అనే ఉంచేశాను.

జవాబు: మంచి పని చేశారు. ఇంతకీ ఆ వాక్యం ఎలా కుదిరింది?

నా జవాబు: మొదటి రాత్రి దగ్గర ఏ నామవాచకమూ పెట్టలేదు, 'ఆ పిల్ల మాట లోపల తొలుస్తూనే ఉంది' అని వదిలేశాను. ఫైర్ స్టేషన్ తర్వాత మాత్రం 'అనుమానం వచ్చింది' అని రాశాను. ఆదివారం చదివి వినిపించాలి. క్లారిస్ తర్వాత ఏమవుతుందని అత్తయ్యగారు రోజూ అడుగుతున్నారు. నేనింకా చెప్పలేదు.