అప్‌డేట్: పరుపు మందం 6 అంగుళాలా, 10 అంగుళాలా?

పక్కకు తిరిగి పడుకునే నాకు, వెల్లకిలా పడుకునే మావారికి ఇద్దరికీ సరిపోవాలంటే ఎంత మందం పరుపు కొనాలని ఇంతకుముందు అడిగాను. చివరికి 8 అంగుళాలది తీసుకున్నాం. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీలో ఒకరు చెప్పిన మాటే విషయం తేల్చింది: మొత్తం మందం సంగతి అటుంచి, లోపల ఏ పొర ఎంత ఉందో అడగమన్నారు. దుకాణంలో అలాగే అడిగితే, వాళ్లు చూపించిన 10 అంగుళాల పరుపులో సగం మెత్తటి ఫోమే అని తెలిసింది. దాని మీద పడుకోగానే మావారి నడుము కిందికి కుంగిపోయింది. 6 అంగుళాలదానిలో మెత్తటి పొర మరీ పల్చన. పక్కకు తిరగగానే నా భుజానికి అడుగున ఉన్న గట్టి ఫోమ్ ఒత్తుకుంది. మేం తీసుకున్నదానిలో కింద 6 అంగుళాల గట్టి ఫోమ్, పైన 2 అంగుళాల మెత్తటిది. వెల్లకిలా పడుకుని నడుము కిందికి చెయ్యి పోనిస్తే పెద్దగా ఖాళీ లేదు, అలాగని చెయ్యి ఇరుక్కుపోనూ లేదు.

ఫోమ్ సాంద్రత కూడా తప్పక అడగండి. ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని చెబుతారు. అది మరీ తక్కువైతే ఎంత మందమున్నా త్వరగా గుంట పడుతుంది. మాకు అమ్మినాయన అడిగేదాకా ఆ ఊసే ఎత్తలేదు!

ఎత్తు గురించి అడిగినవారికి: మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనుతున్నాయి. పాత దుప్పట్లు మాత్రం అంచులు కిందికి మడవడానికి చాలడం లేదు. కొత్తవి కొనాల్సిందే.