గాలివాటం అంటే తిట్టా, మెప్పా?

అందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి ఒక డౌటు. గాలివాటం అనే మాటని మనం ఎప్పుడూ తక్కువ చేసే వాడతాం గదా. ఫలానా ఆయన గాలివాటంలో గెలిచాడంటే సొంత సత్తా లేదని, గాలివాటం మనిషంటే నిలకడ లేనోడని. మొన్న జూలైలో హైదరాబాద్ పోయి ఈ మాట వాడి మా అక్క కూతురి చేత అక్షింతలు వేయించుకున్నా, అప్పట్నుంచి బుర్రలో తిరగతానే ఉండాది.

ఆ పిల్ల హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ నడపతాది. పదిహేనేళ్ల లోపు పిల్లకాయలు ఒక్కరే కూచుని నడిపే బుల్లి పడవ, ఏడడుగుల పైచిలుకు పొడవు, 35 కిలోల బరువు, ఒకటే తెరచాప. ఆ రోజు పడవల పందెం, స్టార్టుకి 5 నిమిషాల ముందు సిగ్నల్ ఇచ్చారు, ఇక చూడాల, పడవలన్నీ చాపలు వదులు చేసుకుని టపటపలాడించుకుంటా గీత వెనకాల జాగా కోసం ఒకటే తిరుగుడు, ఆత్మకూరు బస్టాండులో సీటుకి కిటికీలోంచి తువ్వాలు వేసే గోల గుర్తొచ్చింది నాకు. తీరా స్టార్టయ్యాక అందరూ ఎడమకి పోతే ఇది ఒక్కటే కుడికి పోయింది. పాపం గాలివాటాన కొట్టుకుపోతుండాదే అనుకున్నా. కాసేపటికి చూస్తే మొదటి మార్క్ దగ్గర, అంటే గాలి వచ్చే వైపు నీళ్లలో తేలేట్టు పెట్టిన గుర్తు దగ్గర, అందరికన్నా ముందు అదే!

గట్టెక్కగానే "గాలివాటం భలే కలిసొచ్చిందే నీకు" అన్నా. దానికి రోషం పొడుచుకొచ్చింది. "కలిసి రావడమేంది మామా, నేను చూసుకునే పోయినా" అని లెక్క చెప్పింది. గాలికి ఎదురు నేరుగా పోలేమంట, సుమారు 45 డిగ్రీలు పక్కకి పెట్టి ఒకసారి కుడికి ఒకసారి ఎడమకి వంకర్లు కొట్టుకుంటా పోవాల్సిందే. ఇది స్టార్టుకి ముందే పడవ ముక్కుని గాలికి ఎదురు పెట్టి, చాప సరిగ్గా నడిమిన కొట్టుకునే చోట ఎదురుగా ఏ బిల్డింగు కనపడతాందో గుర్తు పెట్టుకుందంట. రెండు మూడు నిమిషాలాగి మళ్లా పెడితే ముక్కు ఆ బిల్డింగు దాటి కుడికి తిరిగింది, అంటే గాలి కుడికి జరగతాంది. జరిగేలోపు కుడి పక్కకి పోయి కూచున్నోళ్లు మలుపు తిప్పుకుంటే మార్క్‌కి మరింత సూటిగా పడతారు, అప్పుడు గాలి కుడి వైపు నుంచి తగలతా ఉంటాది కాబట్టి ఎడమ గాలితో ఎదురొచ్చే పడవే తప్పుకోవాల, అది రూలు. మరి ఇంత లెక్కకీ గాలివాటమనే పేరు పెట్టొచ్చా?

—

అన్నా, అసలు వాటంలోనే తప్పు లేదు. మా కందుకూరులో మేస్త్రీలు స్లాబుకి నీళ్లు పోయే వాలుని వాటమే అంటారు, వాటం తప్పితే వానకి ఇల్లంతా కురిసిద్ది. కూచోడానికి వాటంగా ఉందంటాం, ఎడమచేతి వాటం అంటాం, అదీ తప్పు కాదు. అదే చేతివాటం అనేసరికి దొంగతనం అయిపోయింది. పక్కన చేరిన మాటని బట్టి దాని ఖర్మ.

—

మాది కావలి పక్కన. మా తాత బకింగ్‌హామ్ కాలవలో సరుకు పడవ మీద పనిచేశాడు. గాలి వాటంగా ఉంటే చాప ఎత్తేవాళ్లంట, లేకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాక్కుంటా నడవడమే. మీ మేనకోడలు చెప్పినట్టు వంకర్లు కొట్టాలంటే ఆ కాలవలో చోటేదన్నా, నాలుగు బారలు పోతే అవతలి గట్టుకి గుద్దుకుంటారు. వాళ్లకి గాలివాటం నిజంగా అదృష్టమే. చెరువులో వెడల్పుంది కాబట్టి ఆ పిల్లకి అది తెలివి అయింది.

—

తమ్ముడూ, ఈ కోణం నాకు తట్టలా. నువ్వంటే గుర్తొచ్చింది, కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు మా నాయన పీట ఎక్కే ముందు పిడికెడు పొట్టు వదిలి చూసేవాడు, గాలి తిరిగిందంటే దిగి పీట జరుపుకుని మళ్లా ఎక్కేవాడు. మా పిల్ల చాపకి కట్టుకున్న ఊలు దారం ముక్కలు చేసే పని కూడా అదే. ఆయన్ని గాలివాటం మనిషని మాత్రం ఎవురూ అనలా.

ఇంకోటి అడగాల. ముందు పడవ చాప గాలిని అడ్డుకుంటే వెనక పడవకి చెదిరిన గాలే మిగలతాది, ముందున్నోళ్లు కావాలనే గాలికి అడ్డమొచ్చి అట్టా చేస్తారు. దానికి తెలుగులో ఏమంటే బాగుంటాది?

—

గాలి మరుగు అంటే సరిపోద్ది గదన్నా, చెట్టు మరుగు, కొండ మరుగు అన్నట్టు.

—

మాట బాగుంది. కానీ మా పిల్లకి మరుగంటే దొడ్డి ఒక్కటే తెలుసబ్బా, ఎట్టా చెప్పేది!