డిమెన్షియా ఉన్న అత్తగారిని చూసుకుంటూ మైండ్‌ఫుల్‌నెస్ ఎలా కుదురుతుంది? విశాఖవాళ్లు చెప్పండి

నమస్తే అండి. మాది ఎంవీపీ కాలనీ. మా అత్తగారికి అల్జైమర్స్, అంటే జ్ఞాపకశక్తి పోతూ ఉండే డిమెన్షియాలో ఒక రకం. పగలు బాగానే ఉంటారు. పొద్దు వాలేసరికి మొదలు: "మా ఇంటికి పోతాను, నాన్న చూస్తుంటారు" అని తలుపు గడియ లాగుతారు. ఆ నాన్నగారు పోయి ఎన్నేళ్లయిందో! దీన్ని సన్‌డౌనింగ్ అంటారని, వాదించకుండా మాట మళ్లించమని డాక్టర్‌గారు చెప్పారు. మళ్లిస్తూనే ఉన్నాను. ఆవిడ సర్దుకుంటారు గానీ నా గుండెదడ తగ్గదు, రాత్రి నిద్ర పట్టదు. మావారికి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు, కాబట్టి సాయంత్రాలు చాలావరకు నేనొక్కదాన్నే.

మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణం మీదే ధ్యాస నిలపడం, చేయమని తెలిసినవాళ్లంతా అంటున్నారు. 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ మొదలుపెట్టిన పద్ధతి గురించి చదివాను. ఎనిమిది వారాల కోర్సు, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన. ముప్పావుగంట దొరికితే నేను పడుకుంటానండీ!

గిన్నెలు తోముతూనో, ఆవిడకి తల దువ్వుతూనో శ్వాస మీద ధ్యాస పెట్టి చేసినవాళ్లున్నారా? ఆ గొడవ మధ్యలో నిజంగా పనిచేస్తుందా, తర్వాతేనా? కళ్లు మూసుకునే పద్ధతులు వద్దు, ఆవిడ గేటు దాటేస్తారు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి రోగులే కాదు, చూసుకునేవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చట. తెలుగులో మాట్లాడినవాళ్లుంటే ఎలా ఉందో చెప్పండి. ఇలాంటి కుటుంబాలు కలుసుకునే చోటు విశాఖలో ఉందా? సీతమ్మధార, ఆర్కే బీచ్ వైపైతే ఉదయం గంటసేపు రాగలను. అటెండెంట్‌ని పెట్టుకోమని మాత్రం అనకండి, కొత్త మనిషిని చూస్తే ఆవిడ అన్నం ముట్టరు.